పందికి మ్యాగ్నం ఎందుకు తమ్మీ?

పోస్టు పొడుగైంది. కొంచెం కోపం మీదనే రాసిన, అయినా ఆఖరి దాకా చదవండి.

మక్క కంకులు పాలు పోసుకునే టైముకు పందులు దిగుతయి. వాటితోపాటే మన వాట్సాప్ గ్రూపుల్లోకి అమెరికా వీడియోలు దిగుతయి. టెక్సాస్‌లో ఒకాయన బండి మీద కూసొని రైఫిల్ పేలుస్తడు, పంది అక్కడికక్కడే కూలుతది. కింద మన పోరగాళ్ల మాటలు: "అన్నా, అది 300 షార్ట్ మ్యాగ్నం అట, అసొంటిది ఒక్కటి ఊర్లె ఉంటే చాలు." ఇంకొకడు ఇంకో అడుగు ముందుకేసి "తూటాలు ఇంట్లనే నింపుకోవచ్చట" అంటడు. పెద్దమనుషులు కూడా బొటనవేలు బొమ్మ పెట్టి ఊకుంటున్నరు. నేను ఊకోను.

నా మాట ఒక్కటే. మన పంది సమస్యకు ఆ తూటా జవాబు కాదు. దాన్ని ఇంట్ల నింపుదామన్న ఆలోచన ప్రాణం మీదికి తెచ్చేది. ఎందుకో లెక్కతో చెప్తా.

ముందు ఆ తూటా ఏందో తెల్సుకుందాం. ఏ తూటా అయినా నాలుగు వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి మీద గుండు. వించెస్టర్ కంపెనీ 2001లో ఈ 300 షార్ట్ మ్యాగ్నంను తెచ్చింది. గొట్టాన్ని పొట్టిగా, లావుగా చేసింది. 1963 నాటి పాత 300 మ్యాగ్నంకు ఉన్నంత వేగమే, కాకపోతే తూటా పొడుగు అర అంగుళం తక్కువ. అందుకని రైఫిల్ కొంచెం పొట్టిగా, తేలికగా వస్తది. కొండలెక్కి తిరిగే వేటగాడికి అది లాభమే, నేను కాదనను. కొలరాడో కొండల్లో గుర్రమంత ఎల్క్ దుప్పిని మూడొందల గజాల దూరం నుంచి కొట్టేటోనికి ఆ వేగం పనికొస్తది.

మరి పందికి? లెక్క చూడండి. 180 గ్రెయిన్ల గుండు, అంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు. షార్ట్ మ్యాగ్నంలో అది సెకనుకు సుమారు 2,970 అడుగుల వేగంతో పోతది. 1952 నాటి 308లో అదే గుండు సుమారు 2,620 అడుగులు. 1906లో వచ్చిన ముప్పై-జీరో-సిక్స్‌లో 2,700. తేడా ఉన్నది. కానీ మక్క చేన్ల రాత్రిపూట పంది కనపడేదే నలభై యాభై గజాల్లో. అంత దగ్గర ఈ మూడిట్ల ఏది తగిలినా పంది పడ్తది. అమెరికాలనే 1895 నాటి తర్టీ-తర్టీతోని ఇప్పటికీ పందులను, జింకలను కొడుతున్నరు. వందేండ్లు దాటిన తూటా చాలని పందికి తెల్సు, మనకే తెల్వది.

మరి కొత్తది ఎందుకు తెచ్చిండ్రు? రైఫిల్ అరిగిపోయే వస్తువు కాదు. తాత కొన్నది మనుమడు కాలుస్తడు. మరి కంపెనీ ఏం అమ్ముకోవాలె? కొత్త తూటా తెస్తే కొత్త రైఫిల్ అమ్ముడుపోతది. మనకు ఏటా కొత్త పేరుతోని విత్తనం సంచి వచ్చినట్టే. 300 తర్వాత 270, 7 ఎంఎం, 325 షార్ట్ మ్యాగ్నంలు వచ్చినయి. పోటీ కంపెనీ రెమింగ్టన్ తనవి రెండు తెచ్చింది. 2003 నుంచి ఇంకా పొట్టివి, సూపర్ షార్ట్ మ్యాగ్నంలు అని తెచ్చిండ్రు. ఇరవై ఏండ్లు తిరిగేసరికి 300 గట్టిగ నిలబడ్డది, 270 ఏదో నడుస్తున్నది. మిగిలినవి కొన్నోళ్లు తూటాల కోసం దుకాణాల చుట్టూ తిరుగుతున్నరు. పార్టులు దొరకని ట్రాక్టర్ కొన్నోని బాధ మనకు ఒకరు చెప్పాల్నా?

ఇక తన్నుడు. వేగం ఊరికె రాదు, అంత బలంగా వెనక్కి కూడా తంతది. రెండు గుండ్లు కాల్చినంక భుజం భయపడ్తది, మూడోసారి గుర్రం నొక్కేముందే కన్ను మూసుకుంటది. గురి తప్పిన మ్యాగ్నం కన్నా గురి కుదిరిన చిన్న తూటా మేలు. ఇది అక్కడి పాత వేటగాళ్లు కూడా ఒప్పుకునే మాట.

గురి తప్పితే ఏమైతది? రైఫిల్ గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. టెక్సాస్‌లో ఒక్కొక్కరికి వందల, వేల ఎకరాలు. మన చేను ఎకరం, ఎకరంన్నర. పక్క చేన్ల మంచె మీద ఇంకో రైతు. అవతల బాయికాడ మోటరు పెట్టవోయిన మనిషి. ఇంకొంచెం అవతల తండా. ఆ గుండు ఎక్కడ ఆగాల్నో చెప్పండి.

ఇప్పుడు తూటా నింపుడు సంగతి. అమెరికాల కాల్చిన ఇత్తడి గొట్టాన్ని పారెయ్యరు. కడిగి, అచ్చుల ఒత్తి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగిస్తరు. అది అక్కడ చట్టబద్ధం, ఎంతోమంది చేస్తరు. కానీ వీడియోల కనపడనిది చెప్తా. ఆ తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 65,000 పౌండ్ల దాకా పోతది. లారీ టైరుల ఉండేది వంద చిల్లర. ఆ టైరు పేలితేనే మనిషి చచ్చిన సంగతులు మనకు తెల్సు. ఇక్కడ ఆ పేలుడుకూ నీ కంటికీ మధ్య జానెడు దూరం.

అందుకే అక్కడ తెలివైనోడు కంపెనీ అచ్చు వేసిన పుస్తకం ముందల పెట్టుకొని, కింది కొలతతోని మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతడు. కాల్చినంక బోల్టు గట్టిపడ్డదా, ప్రైమర్ చదునైందా అని ప్రతి గొట్టాన్ని చూస్తడు. గొట్టం భుజాన్ని అవసరం కన్నా ఎక్కువ వెనక్కి ఒత్తితే, నాలుగైదుసార్లు కాల్చేసరికి గొట్టం అడుగు దగ్గర తెగుతది. మందు డబ్బాలది ఇంకో గండం. 4831 అనే నంబరు రెండు రకాల మందు మీద ఉంటది, ఒకటి హెచ్ 4831, ఇంకోటి ఐఎంఆర్ 4831. రెండోది తొందరగా మండుతది. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ఒత్తిడి హద్దు దాటొచ్చు. నంబరు ఒకటే కదా అని మందు మార్చి పురుగుమందు కొట్టి చేను మాడగొట్టుకున్నోళ్లను చూసినం. అక్కడ పోయేది చేను, ఇక్కడ పోయేది చెయ్యి. ఆ పొగరాని మందును నాటు తుపాకి గొట్టంల కూరితే ఆ గొట్టం తట్టుకోదు, పగులుతది. దయచేసి ఈ ఒక్క ముక్క మీ పోరగాళ్లకు చదివి వినిపించండి.

ఇక మన చట్టం. లైసెన్సు లేకుండా తూటా తయారుచేసుడు ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం నేరం. 2019ల సవరించినంక శిక్ష ఏడేండ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు. పంట కాపాడుకునే రైతుకు, మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇయ్యొచ్చని అదే చట్టంల ఉన్నది. కానీ తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి. పంటకు నష్టం చేసే జంతువును కొట్టడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇయ్యాలె. కేరళల 2022ల ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించిండ్రు. దారి ఉన్నది, మనం నడుస్తలేం.

"మరి అమెరికాల కాల్చే కదా తగ్గించుకుంటున్నరు?" అంటరు. ఇదే పెద్ద అబద్ధం. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిల, భూమి ఆసామి ఒప్పుకుంటే, 2019 నుంచి అడివి పందిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. హెలికాప్టర్ నుంచి కూడా కొడ్తరు. అయినా పందులు లక్షల్లనే ఉన్నయి. సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండు వంతులు తీసెయ్యాలని అక్కడి టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు చెప్తరు. తుపాకితోని అది అయ్యే పని కాదు. మిస్సోరీ రాష్ట్రమైతే 2016ల తన పరిరక్షణ భూముల్ల పంది వేటనే బంద్ పెట్టింది. ఎందుకు? ఒక్కదాన్ని కొడితే మంద చెదిరి నాలుగు దిక్కుల పోయి కొత్త జాగల్ల పిల్లలు పెడ్తది. అందుకే వాళ్లు పెద్ద పెద్ద దొడ్లు కట్టి, మేత వేసి, మంద మొత్తం లోపలికి వచ్చినంకనే తలుపు వేస్తరు. మ్యాగ్నం పుట్టిన దేశంలనే పంది మీద గెలుస్తున్నది దొడ్డి.

కాబట్టి తూటా నంబర్ల ముచ్చట బంద్ చేసి ఈ పనులు చేద్దాం. నష్టమైన తెల్లారే ఫొటోలు తీసి, ఎంత పోయిందో రాసి, అటవీ శాఖకు, వ్యవసాయ అధికారికి దరఖాస్తు ఇద్దాం, రసీదు అడుగుదాం. ఒక్కొక్కరు కాకుండా ఊరంతా కలిసి గ్రామసభల తీర్మానం చేసి 11వ సెక్షన్ అనుమతి అడుగుదాం. కొట్టుడు తప్పదంటే, అధికారం ఉన్న షూటర్‌ను వాళ్లే పంపాలె, అనుమతి కాయితం మన చేతికి రావాలె. మంద మొత్తాన్ని పట్టే దొడ్డి మన దగ్గర కూడా పెట్టాలని గట్టిగ అడుగుదాం. ఎకరానికొక కంచె కన్నా పది చేన్ల చుట్టూ ఒకటే కంచె చవక, దానికి సబ్సిడీ అడుగుదాం. ఒక్క మాట మాత్రం మరవకండి: కంచెకు లైను కరెంటు తగిలియ్యొద్దు, మేతల నాటు బాంబు పెట్టొద్దు. వాటికి పంది కన్నా ముందు పడేది పక్కింటి బర్రె, లేకపోతే నీళ్లు పెట్టవోయిన మన తమ్ముడు.

పంది తిన్న మక్క వచ్చే పంటల మళ్ల వస్తది. మనిషి రాడు. ఈ పోస్టు నచ్చకపోతే కింద కొట్లాడండి, జవాబిస్తా. నచ్చితే మీ ఊరి గ్రూపుల పెట్టి, గ్రామసభ తారీఖు ఎప్పుడో అడగండి.