బాలయోగి చరిత్రకు ఆధారాలు అవసరం

ద్రాక్షారామం: ముమ్మిడివరం బాలయోగి 1930లో జన్మించి, తపస్సుకు కూర్చొని, 1985లో సిద్ధి పొందారు. ఏటా శివరాత్రినాడే దర్శనమిచ్చేవారు. అన్నపానాలు లేకుండా ఉన్నారన్నది భక్తుల నమ్మకం. విజ్ఞాన సర్వస్వంలో నమ్మకాన్ని నమ్మకంగాను, జరిగినదాన్ని ఆధారంతోను రాయాలి. అందువల్ల యోగి గౌరవానికి లోటేమీ రాదు.

భీమేశ్వరాలయ శాసనాలే ఇందుకు ఒరవడి. దాత ఎవరు, ఇచ్చినదేమిటి, ఏ శక సంవత్సరం అన్నది రాతిమీద ఉన్నందునే అవి నేటికీ చెల్లుతున్నాయి.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో తప్పును ఎవరైనా దిద్దవచ్చు. కాని అచ్చులో ఆధారం చూపాలి. 1985లో ఇరవై ఏళ్ళున్నవారికి నేడు అరవై నిండాయి. యోగిని కళ్ళారా చూసిన పెద్దలు చెప్పేది పేరు, ఊరు, తేదీతో సహా రాసి అచ్చువేయించే పని చదువుకున్న యువకులు వెంటనే చేపట్టాలి. ఆ పెద్దలు పోయాక మిగిలేది పుకార్లే.