ఏ కొలతకు గెలిచెను?

సంవత్సరాంతము సమీపించునప్పటికి మన పాఠశాలల విరామ సమయములలో ఒక వ్యాజ్యము విచారణకు వచ్చుట గత కొన్ని యేండ్లుగా ఆనవాయితీ యైనది. వాదులును ప్రతివాదులును విద్యార్థులే. న్యాయమూర్తి మాత్రము ఎవ్వరును లేరు. 'బిగ్ బాస్' అను టెలివిజన్ కార్యక్రమమున ఆ యేడు జయించినవాడు ఆ జయమునకు అర్హుడా, కాడా అనునదే ఆ వ్యాజ్యము. బంగారుపాళ్యము మొదలుకొని హైదరాబాదు వరకు ఈ చర్చ వినరాని ఊరు లేదు. ఉపాధ్యాయుల గదిలోను ఇదే చర్చ, కొంచెము మెల్లని గొంతుతో, జరుగుచుండుననుట రహస్యము కాదు.

ఇట్టి విషయమునకు సంపాదకీయమెందులకని పెదవి విరుచు పెద్దలుందురు. మా సమాధానమొక్కటే. 'అర్హత' యను మాటను మన బిడ్డలు ఇంత పట్టుదలతో మొట్టమొదట వాడుచున్నది ఇచ్చటనే. రేపు ఇదే మాటను వారు ఉద్యోగముల విషయమునను, ఎన్నికల విషయమునను, పెండ్లి సంబంధముల విషయమునను వాడవలసి యుండును. ఇచ్చట నేర్చిన పద్ధతినే అచ్చటికిని తీసికొనిపోవుదురు గదా!

ఈ కార్యక్రమపు పుట్టుక మన దేశమున గాదు. 1999లో నెదర్లాండ్సు దేశమున 'బిగ్ బ్రదర్' అను పేరుతో మొదలైనది. ప్రజల ప్రతి కదలికను కనిపెట్టియుండు నిరంకుశాధికారమును గూర్చి జార్జి ఆర్వెల్ 1949లో వెలువరించిన నవలనుండి ఆ పేరు వచ్చినది. భయపెట్టుటకు వ్రాసిన మాట వినోదమునకు పేరగుట విచిత్రమే. తెలుగున ఇది 2017 జూలైలో జూనియర్ ఎన్.టి.ఆర్. వ్యాఖ్యాతగా ప్రారంభమైనది, 2018లో నాని, 2019 నుండి నాగార్జున ఆ స్థానమును వహించిరి. కొందరిని ఒక యింట నుంచుదురు. రేయింబవళ్లు కెమెరాలు కనిపెట్టియుండును. ఆ ఇరువది నాలుగు గంటలలో మన కంటికి చేరునది ఇంచుమించు ఒక గంట. ఆ గంటను ఏరి కూర్చువారు మనకు కనబడరు. వారము వారము ప్రేక్షకుల ఓట్లు తగ్గినవారు వెడలిపోవుదురు. చివరకు మిగిలినవాడు విజేత. ఎవరికెన్ని ఓట్లు వచ్చినవో ఆ లెక్క మాత్రము పూర్తిగా ప్రచురింపబడదు.

వీటన్నిటికంటె ముఖ్యమైన విషయమింకొకటి యున్నది. ఓటు వేయువాడు తన ఫోనులో ఒక పేరును ఒత్తును. ఆ పేరు ప్రక్కన 'దేనికొరకు' అని యడుగు గడి లేదు. ఆ యింట ఒకడు చక్కగ పాడును, ఒకడు నవ్వించును, ఒకడు 'టాస్కు'లని వారు పిలుచు పోటీలలో బరువులెత్తును, ఒకతె ఉన్నమాట మొగముమీదనే యనును, ఒకడు ఎవ్వరి జోలికిని పోక వంట చేయుచుండును. వీరిలో ఎవరు గొప్ప? ప్రశ్నపత్రమీయకయే సమాధాన పత్రములు దిద్దుమనిన ఏ ఉపాధ్యాయుడైన ఏమి చేయగలడు? ఒకడు దస్తూరీకి మార్కులు వేయును, ఒకడు లెక్కకు వేయును, ఒకడు కుఱ్ఱవాని తండ్రి ముఖము చూచి వేయును. పిమ్మట ముగ్గురును కూర్చుండి, మొదటి స్థానము రావలసినదెవరికని కీచులాడుకొందురు. మన విరామ సమయపు వ్యాజ్యము సరిగా ఇట్టిదే.

బంగారుపాళ్యము వారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. వేసవిలో ఆ మామిడి మార్కెట్టునకు పోయి 'ఏ కాయ గొప్పది' అని యడిగి చూడుడు. గుజ్జు ఫ్యాక్టరీవాడు తోతాపురి యనును. ఇంటికి బుట్ట కొనిపోవు బాటసారి బేనీషా యనును. నాలుక రుచి మరిగినవాడు ఇమాంపసందు కొరకు వెదకును. ముగ్గురును నిజమే చెప్పుచున్నారు. వారి నడుమ తగవు లేదు, ఏలయన దేనికొరకు కొనుచున్నారో ఎవనిది వానికి తెలియును. తోతాపురి తీపిలో ఇమాంపసందునకు చాలదు గనుక ఫ్యాక్టరీవాడు మోసపోయెనని ఏ వెర్రివాడును అనడు. టెలివిజన్ ముందు మాత్రము మనమందరము అట్టి మాటయే అనుచున్నాము.

కొలత లేకపోవుటవలన కలుగు చిక్కు 2022లో అందరికిని కనబడినది. ఆ యేటి ఆరవ సీజను తుదిఘట్టమున గాయకుడు రేవంత్, నటుడు శ్రీహాన్ మిగిలిరి. 50 లక్షల బహుమానములో 40 లక్షలు తీసికొని పోటీనుండి తప్పుకొనవచ్చునని చెప్పగా శ్రీహాన్ అందులకు సమ్మతించెను. రేవంత్ విజేతగా ప్రకటింపబడి ట్రోఫీని, మిగిలిన 10 లక్షలను అందుకొనెను. అటుపిమ్మట నాగార్జున మరియొక మాట బయటపెట్టెను: ప్రేక్షకుల ఓట్లలో కొద్దిపాటి ఆధిక్యము శ్రీహాన్‌దేనట! ట్రోఫీ ఒకరికి, ధనములో హెచ్చు భాగము ఒకరికి, ఓట్లు ధనము పొందినవానికే. మరి గెలిచినదెవరు?

మన ప్రాంతమున తగవు తెగనప్పుడు కాణిపాకములో ప్రమాణము చేయుదువా యని యడుగుట వాడుక. వినాయకుని సన్నిధిని కోనేట మునిగి చేసిన ప్రమాణమునకు జంకనివాడు అరుదు. కాని ప్రమాణము దేనికి పనికివచ్చును? 'నేను తీసికొనలేదు', 'నేను చూచితిని', 'ఓట్లు ఇన్ని వచ్చినవి' అను సంగతులకు. 'అతడే అర్హుడు' అని ఎవడైన కాణిపాకమున ప్రమాణము చేయగలడా? చేసినను దాని కర్థమేమి? 2022 నాటి వాదములో ఈ రెండును ఒకటిగా కలిసిపోయినవి. ఓట్లెవరికి హెచ్చు అనునది జరిగిన సంగతి. లెక్క చూపినచో తీరును. ఎవరు అర్హులనునది కొలతకు సంబంధించినది. ముందుగా కొలత నొప్పుకొననిదే ఎన్ని లెక్కలు చూపినను తీరదు. ఈ భేదమును తరగతి గదిలో ఒక్క దినము బోధింపగలిగిన ఉపాధ్యాయునకు ఆ కార్యక్రమము కొంత మేలే చేసినదనవలెను.

కొలత వ్రాసియుంచని చోట ప్రతివాడును తన యింటనుండి ఒక కొలపాత్ర తెచ్చుకొనును. వాటిలో మిక్కిలి బరువైనది 'మనవాడు' అనునది. 2024 డిసెంబరులో ఎనిమిదవ సీజను ముగిసి నిఖిల్ మలియక్కల్ విజేత కాగా, గౌతమ్ కృష్ణ రెండవ స్థానమున నిలిచెను. నిఖిల్ మైసూరువాడు, తెలుగు ధారావాహికలలో నటించి మన యిండ్లకు పరిచితుడైనవాడు. అయినను ఆ సీజను నడిచినన్నాళ్లును, ముగిసిన పిమ్మటను, 'తెలుగు కార్యక్రమమున కన్నడిగుడెట్లు గెలుచును' అను మాట బాహాటముగా వినబడినది.

ఈ మాటను చిత్తూరు జిల్లాలో పలుకువారు ఒక్క క్షణము ఆగవలెను. చిత్తూరునుండి బంగారుపాళ్యము, పలమనేరు మీదుగా పోవు బాట ముళబాగిలు వద్ద కన్నడదేశమున ప్రవేశించును. దక్షిణమునకు మరలినచో గుడియాత్తమున తమిళము వినబడును. ఇంట తమిళము, బజారున తెలుగు, చుట్టములతో కన్నడము మాటలాడు కుటుంబములు ఇచ్చట ఎన్ని లేవు? మదనపల్లెలో జన్మించిన బిందుమాధవి తమిళ చిత్రములలో పేరు తెచ్చుకొని, 2017లో తమిళ బిగ్ బాస్ ఇంట అడుగిడి తుదిఘట్టము వరకు నిలిచినది. అప్పుడు తమిళులు ఆమె ఊరు చూచి వెడలగొట్టలేదు గదా.

ఇంకను వెనుకకు పోదము. 2006లో 'ఇండియన్ ఐడల్' హిందీ పాటల పోటీ తుదిఘట్టమున మన కారుణ్య ఓడి, బికనేరు యువకుడు సందీప్ ఆచార్య గెలిచినప్పుడు తెలుగునాట కలిగిన ఆవేదన పలువురికి జ్ఞాపకముండును. పాటను గాక ప్రాంతమును చూచి ఓటు వేసిరని మనవారు ఉత్తరాదివారిని నిందించిరి. 2010లో అదే పోటీలో శ్రీరామచంద్ర గెలిచెను. 2017లో రేవంత్ గెలిచెను. ఆ యేడు చివరి మువ్వురిలో ఇరువురు తెలుగువారే. అప్పుడు హిందీ పోటీలో తెలుగువాడేమని ఎవరైన నడిగియుందురేమో గాని, మనము మాత్రము కళకు ఎల్లలు లేవని సంబరపడితిమి. 2006లో అన్యాయమైనది 2024లో న్యాయమెట్లగును? నిఖిల్ ఆటతీరు నచ్చలేదనుట వాదము. అతని ఊరు నచ్చలేదనుట వాదము గాదు. కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనమున కర్ణుడు విల్లందుకొనగనే కృపాచార్యుడు వంశమడిగెను. మన జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లయెదుట ఏటేట భారతము వినువారికి ఆ ఘట్టము తెలియును. బాణమును గూర్చి యడుగవలసినచోట పుట్టుకను గూర్చి యడిగిరి. అంతటితో ఆ పరీక్ష ఎవరి నేర్పునకును కొలత కాకపోయినది.

రెండవ కొలపాత్ర జాలి. 2023లో ఏడవ సీజను విజేత పల్లవి ప్రశాంత్ రైతుబిడ్డనని చెప్పుకొని ఆ యింట ప్రవేశించెను. ప్రజలును అట్లే పిలిచిరి. అతడు పోటీలలో గట్టిగా ఆడలేదని మేమనము, ఆడెను. కాని ఓట్లలో ఎన్ని ఆటకు, ఎన్ని ఆ పేరునకు వచ్చినవో ఎవరు విడదీయగలరు? రైతుపై గౌరవముచే ఓటు వేసినవారిని పరిహసింపలేము. 2025 వేసవిలో తోతాపురి ధర కూలిపోగా, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు రైతున కందవలెనని నిర్ణయమైనది. ఆ 8 రూపాయలును చేతికి రాలేదని మన జిల్లా రైతులు మొరపెట్టుకొనిరి. తెరమీది రైతుబిడ్డ 35 లక్షలు గెలిచిన దానికి ఊరట చెందినవాడు, ప్రక్క తోటలోని రైతు ఋణము తీర్చితినని భ్రమపడకుండిన చాలును. ఇది విషయాంతరమే, అయినను బంగారుపాళ్యమును తలచుకొని ఈ మాట మ్రింగలేకపోతిమి.

ఆ యేటి తుదిఘట్టపు రాత్రి జరిగినది మాత్రము విషయాంతరము గాదు. హైదరాబాదులో స్టూడియో వెలుపల గుమిగూడిన అభిమానులు రెండవ స్థానమున నిలిచిన అమర్‌దీప్ కారుపై దాడి చేసిరి. ఆర్టీసీ బస్సుల అద్దములు పగిలినవి. పోలీసులు కేసు పెట్టి విజేతను కూడ అరెస్టు చేసిరి. కొలది దినములలో అతనికి బెయిలు లభించినది. ఓడినవాని అభిమానులు కోపించుట లోకమున చూచినదే. గెలిచినవాని పక్షమువారు ఓడినవానిపై రాళ్లు రువ్వుట ఎట్టిది? తమవాని అర్హతపై వారికే పూర్తి నమ్మకము లేదా యని సందేహము కలుగుచున్నది.

మూడవ కొలపాత్రను గూర్చి మాటలాడువారు తక్కువ. 2017 నుండి 2024 వరకు టెలివిజన్‌లో ప్రసారమైన ఎనిమిది సీజన్లలోను విజేతలు పురుషులే. గీతామాధురి, శ్రీముఖి రెండవ స్థానము వరకు వచ్చి ఆగిరి. కేవలము ఇంటర్నెట్టు ద్వారా ప్రసారమైన 'నాన్‌స్టాప్' పోటీలో, 2022 మేలో, ఇంతకుమున్ను చెప్పిన బిందుమాధవి గెలిచి తెలుగు బిగ్ బాస్ తొలి మహిళా విజేతయైనది. ఆమె గట్టిగా వాదించునది. ఆ గట్టితనమునే కొందరు గయ్యాళితనమనిరి. అదే గొంతుతో మగవాడు మాటలాడినప్పుడు సూటితనమను మాట మన నోట వచ్చునా, రాదా? బాలికల పాఠశాలలో వక్తృత్వపు పోటీకి అంశము కావలసిన ఉపాధ్యాయినులు దీనిని పరిశీలింపవచ్చును.

ఇంగ్లండులో 2008లో ఒక వింత జరిగినది. జాన్ సార్జెంట్ అను వృద్ధ పాత్రికేయుడు 'స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్' అను నృత్యపు పోటీలో పాల్గొనెను. ఆయనకు నృత్యము అంతంతమాత్రము. న్యాయనిర్ణేతలు అడుగు మార్కులు వేయుచుండిరి. ప్రేక్షకులు ఆయన తడబాటును చూచి ముచ్చటపడి వారము వారము ఓట్లు వేసి నిలుపుచుండిరి. తుదకు ఆయనయే, ఇట్లు సాగినచో తాను నిజముగనే గెలుతునేమో యని తలచి, పోటీనుండి తప్పుకొనెను. అది నృత్యపు పోటీ యని అందరికిని తెలియును గనుకనే ఆయనకు ఆ నిర్ణయము సాధ్యమైనది. బిగ్ బాస్ ఇంటివాడు తాను దేనిలో తక్కువయని తలచి తప్పుకొనవలెను?

ఉపాధ్యాయులకు మాదొక సూచన. వచ్చు సీజను మొదలగు దినమున, పోటీదారుల పేర్లు వెలువడక మునుపే, తరగతిలోని ప్రతి విద్యార్థికిని ఒక చీటీ ఇచ్చి, ఈ యాటలో గెలువవలసినవానికి ఉండవలసిన గుణములు మూడు వ్రాయుమనుడు. ఓర్పో, నేర్పో, నిజాయితీయో, హాస్యమో, వారి యిష్టము. చీటీలను కవరులో నుంచి అంటించి, ప్రధానోపాధ్యాయుని బీరువాలో భద్రపరచుడు. తుదిఘట్టము ముగిసిన మరునాడు, వాదము మాంచి పాకమున నున్నప్పుడు, ఆ కవరు తెరచి ఎవరి చీటీ వారికిచ్చి, వారు ఓటు వేసిన మనిషి పేరు దాని క్రింద వ్రాయుమనుడు. ఎందరు విద్యార్థులు పై మూడు మాటలను కొట్టివేసి దిద్దుకొనుటకు కలము అడుగుదురో లెక్కించి మాకు వ్రాసి పంపిన సంతోషింతుము. ఉపాధ్యాయులు తమ చీటీలను కూడ అదే కవరులో నుంచవలెనని మనవి.