తాళం చెవి చేసిన పాపమేమిటి?

పాత కారుకి తాళం తీయించి పుష్ బటన్ పెట్టించుకోవడం ఇప్పుడో ముచ్చట. పదేళ్ల బండికి కొత్త జన్మ వచ్చినట్టు స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు. ఆ బండేసుకుని మా టైడా మీదుగా అరకు వెళ్లేవాళ్లకి ఒక మాట చెప్పాలి: మీరు కొనుక్కున్నది సౌకర్యం కాదు, వేషం.

కంపెనీ బిగించి ఇచ్చిన బటన్‌తో నాకు పెద్ద పేచీ లేదు. ఆ కారుని మొదట్నుంచీ బటన్‌ కోసమే కట్టారు. నా పేచీ బజార్లో దొరికే కిట్‌తో.

తాళం ఏమేం చేస్తుందో చూడండి. స్టీరింగ్‌ని బిగిస్తుంది, విడిపిస్తుంది. ఇమ్మొబిలైజర్ ఉన్న కారైతే తాళంలోని చిప్‌ని గుర్తుపట్టాకే ఇంజన్ లేస్తుంది. మరి కిట్ బిగించేటప్పుడు? ఇగ్నిషన్ వైర్లు కోసి రిలేలకి అతికిస్తారు. స్టీరింగ్ లాక్ అడ్డొస్తే తీసేస్తారు. చిప్ అడ్డొస్తే స్పేర్ తాళాన్ని డ్యాష్‌బోర్డు లోపలే దాచేస్తారు. కాపలావాడిని స్తంభానికి కట్టేసి దొంగకి తలుపు తీయడమంటే ఇదే. పైగా దానికి డబ్బులిచ్చేది మనమే!

అభివృద్ధిని అడ్డుకుంటున్నావంటారు. 1912 కాడిలాక్‌లో కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక, హ్యాండిల్ తిప్పుతూ చేతులు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. అదీ అభివృద్ధి. ఆ తర్వాత చాలా ఏళ్లు కార్లని బటన్ నొక్కే స్టార్ట్ చేసేవారు. తాళం తిప్పితే స్టార్టయ్యే ఏర్పాటు క్రైస్లర్ తెచ్చింది 1949లో. అంటే బటనే తాత, తాళం మనవడు.

అసలు భయం స్టార్ట్ చేయడం గురించి కాదు, ఆపడం గురించి. 2009లో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్‌లో యాక్సిలరేటర్ ఫ్లోర్ మ్యాట్‌లో ఇరుక్కుపోయింది. నడుపుతున్నది హైవే పోలీసు అధికారి. కార్లో ఉన్న నలుగురూ చనిపోయారు. పరుగులో ఉన్న ఆ కారు ఇంజన్ ఆగాలంటే బటన్‌ని 3 సెకన్లు నొక్కి పట్టాలి. కంపెనీ బటన్‌ సంగతే అది. మీ కిట్‌ని పొరపాటున నొక్కితే ఏమవుతుంది, కావాలని నొక్కితే ఏమవుతుంది? బిగించినతన్ని అడిగారా?

ఘాట్ దిగుతుండగా మలుపులో ఇంజన్ ఆగిందనుకోండి. స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండుమూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుస్తుంది. ఆ మలుపులో మీరొక్కరే ఉండరు. సంతకి నడిచెళ్లేవాళ్లుంటారు, జనంతో కిక్కిరిసిన జీపులుంటాయి. మీ ముచ్చటకి వాళ్లెందుకు జామీను ఉండాలి?

ప్రాణాపాయం లేకుండా బండి మొరాయించినా చిక్కే. కింద ఎస్.కోట నుంచి మెకానిక్కుని రప్పించినా, అతనికి తెలిసింది కంపెనీ వైరింగ్. మీ విశాఖ షాపువాడు ఏ వైరు ఎక్కడ కలిపాడో అతనికెలా తెలుస్తుంది?

చెయ్యి తిరగనివాళ్లకి, కీళ్లనొప్పులున్నవాళ్లకి బటన్ నిజంగా మేలే. వాళ్లు బటన్‌తోనే వచ్చిన కారు కొనుక్కోవాలి. మిగిలినవాళ్లు ఆ డబ్బు పెట్టి అరిగిన టైర్లూ బ్రేక్ ప్యాడ్లూ మార్పించండి. ఫొటోలో కనపడవు, నిజమే. ఘాట్‌లో పనికొచ్చేవి మాత్రం అవే.