మెచ్చుకుంటే చాలునా?

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విజయనగరంలో సంగీతం నేర్చి వచ్చినా, బ్రతుకుతెరువుకు ఇబ్బంది పడ్డారు. అత్తవారి ఊరు పెదపులివర్రులో ఆయన పాట విన్న ఆ ఊరి సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు మెచ్చుకొని ఊరుకోలేదు. మద్రాసుకు రమ్మన్నారు, తెలిసినవారికి పరిచయం చేశారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో ఆ గొంతు వినిపించింది. నేడు విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరే ఉంది.

మన సంఘంలో హార్మోనియం వాయించే అబ్బాయిని పండుగకు పిలుస్తాము, శాలువా కప్పుతాము. బస్సు ఛార్జీ ఉన్నదా అని అడుగుతున్నామా? ఫీజు కట్టలేక అతడు సంగీతం మానుకొంటే, మన చప్పట్లు ఎందుకు? ఈ నెల ఆ ఫీజు మనమే కడదాము. పెద్ద విద్వాంసుని దగ్గరకు మనమే తీసుకువెళదాము.