మాటకు ధర, మాటకు ధ్వని

ఆంగ్ల జాతీయములను ఒక వరుసను, వాటి అర్థములను మరియొక వరుసను వ్రాసికొని వల్లించుట పాఠశాలలలో పరిపాటి. ధనమును గూర్చిన జాతీయముల విషయమున ఈ పద్ధతి చాలదు. ఇందుకు ఆర్మూరు పసుపు రైతు ఇల్లే నిదర్శనము.

వానకారున నాటిన పసుపును త్రవ్వుటకు ఎనిమిది, తొమ్మిది నెలలు పట్టును. పిదప ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకో, మహారాష్ట్రలోని సాంగ్లీకో తరలింతురు. హర్రాజులో 'పాట' అన్నది రైతునకు ఆశ. పాట పెరిగిననాడే అప్పు తీరును. ఆ యింటి విద్యార్థి 'సోల్డ్ ఫర్ ఎ సాంగ్' అను మాటను చూచి, సరకు మంచి పాటకు పోయినదని తలపవచ్చును. ఆంగ్లమున దాని అర్థము కారుచౌకగా పోయినదని!

అర్థము తెలిసినను చిక్కు తీరదు. 'మేక్ ఎ కిల్లింగ్' అనగా స్వల్పకాలమున విశేష లాభము గడించుట. అందు శ్రమలేని సంపాదన యను ఛాయ కలదు. అది షేర్ల బేరగానికి ఒప్పును గాని, చెమటోడ్చిన రైతునకు ఒప్పదు. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. అటువంటి కార్యాలయమునకు ఆంగ్లమున అర్జీ వ్రాయు కుమారుడు ఈ మాట వాడినచో, తండ్రి కోరిన న్యాయమైన ధర దురాశగా కనబడును.

తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు కావ్యమునకు ధ్వని ఆత్మ యని ప్రతిపాదించెను. ఆ సూత్రము సంతలోని మాటకును వర్తించును. కూతురికి 'పసుపు కుంకుమల క్రింద' ఇచ్చిన సొమ్మును 'పిన్ మనీ' యని అనువదించిన నేమగును? రెండును స్త్రీకి ఇచ్చు సొమ్మే. కాని మొదటిదానిలో పుట్టింటి గౌరవమున్నది. రెండవది నేడు చిల్లర ఖర్చను చులకనతో వినబడును.

కావున ఉపాధ్యాయుడు ప్రతి జాతీయమునకును మూడు ప్రశ్నలు జోడింపవలెను: ఎవరు అందురు? ఎవరితో అందురు? మెప్పుగనా, ఎత్తిపొడుపుగనా? ప్రతి దానికిని సాటియైన తెలుగు పలుకుబడిని పిల్లలచేతనే వెదకింపవలెను. సందేహము తీరనిచోట జాతీయమును విడిచి, 'న్యాయమైన ధర కావలెను' అని సూటిగా వ్రాయుట మేలు. పరీక్షలో తప్పిన మాటకు ఒక మార్కు పోవును. అర్జీలో తప్పిన మాటకు ఇంటి మర్యాద పోవును.