ఉప్పునీటి తొట్టికీ చెరువు లెక్కే

అమలాపురం, రాజోలు చుట్టుపక్కల ఉప్పునీటి సంగతి తెలిసినవాళ్లకు కొదవ లేదు. సెలైనిటీ ఎంత, అమ్మోనియా ఎంత, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు) ఎంతకు పడిపోయింది అన్నవి వెనామీ రొయ్యల చెరువు గట్టు మీద రోజూ వినిపించే మాటలే. కాబట్టి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి లయన్‌ఫిష్‌నో గ్రూపర్‌నో పెంచుదామన్న కోరిక ఇక్కడివాళ్లకు పుడితే వింతేమీ లేదు. అయినా పగడపు దిబ్బల మీద బతికే వేటచేప ఇంటి తొట్టికి తగదు. ఈ మాట అనడానికి జీవకారుణ్యం దాకా వెళ్లక్కర్లేదు, చెరువు లెక్క చాలు.

పండుగప్పను పెంచిన రైతుకు వేటచేప స్వభావం తెలుసు. పిల్ల దశలో సైజుల వారీగా వేరు చేయకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. పైగా దానికి మాంసపు మేత కావాలి. అందులో ఒంటికి పట్టని ప్రోటీన్ చాలావరకు మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. చెరువులోనైతే ఆ భారాన్ని లక్షల లీటర్ల నీరు, అడుగు మట్టి, నాచు పంచుకుంటాయి. హాల్లో పెట్టిన మూడొందల లీటర్ల తొట్టిలో ఆ పనంతా ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాదే. లయన్‌ఫిష్ ముప్పై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, తన పొడవులో సగమున్న చేపను సైతం మింగగలదు. అందం కోసం పక్కన వేసిన బుల్లి చేపలు దానికి తోడు కావు, మేత. వీపు మీది పదమూడింటితో కలిపి 18 విషపు ముళ్లుంటాయి. తొట్టి కడిగే చెయ్యి ఎవరిదో ముందే ఆలోచించుకోవాలి. బతికున్న గోల్డ్‌ఫిష్‌లను వేసి వేట చూడటం ఒక సరదా. అదే అలవాటైతే వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ వల్ల వేటచేపకు బి1 విటమిన్ లోపిస్తుంది. గ్రూపర్లది మరో కథ. జెయింట్ గ్రూపర్ పిల్ల పసుపు, నలుపు మచ్చలతో అరచేతిలో ఇమిడిపోతుంది, పెరిగితే రెండున్నర మీటర్లు దాటగలదు. దాన్ని 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు.

అమెరికాను చూసి మనం భయపడటమెందుకని కొందరు అడగవచ్చు. ఫ్లోరిడా తీరంలో లయన్‌ఫిష్ 1985లో తొలిసారి కనిపించింది. అక్వేరియాల నుంచి వదిలినవే అట్లాంటిక్‌లో విస్తరించాయన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. హిందూ మహాసముద్రం దానికి పుట్టిల్లు కనుక ఆ బెడద మనకు లేదన్నది నిజమే. మన చిక్కు వేరు. గోదావరి తెచ్చే ఒండ్రు, మంచినీరు కలిసే కోనసీమ తీరంలో పగడపు దిబ్బలు లేవు. తొట్టికి మించి పెరిగిన చేపను అంతర్వేది దగ్గర వదిలితే అది ఇంటికి చేరినట్టు కాదు, కాలువలో వదిలితే చంపినట్టే. మోజు తీరిన చేపలు ఎక్కడికి పోతాయో తెలుగునాట చెరువుల్లోకి చేరి దెయ్యం చేప అనిపించుకుంటున్న సక్కర్ ఫిష్‌ను చూస్తే తెలుస్తుంది.

నీటి నిర్వహణ మాకు కొత్త కాదు, జనరేటరూ ఉందనే వాదనలో బలముంది. కానీ చెరువు దగ్గర రాత్రంతా ఏరేటర్లు తిప్పేది పంట కోసం. 1996 నవంబరు తుపానులాంటిది వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే, డీజిల్ ముందు చెరువుకా, హాల్లోని తొట్టికా? పంపు ఆగిన తొట్టిలో పెద్ద చేపకు ప్రాణవాయువు కొన్ని గంటల్లోనే కరువవుతుంది.

సముద్రపు అందాన్ని పిల్లలకు చూపించాలన్న కోరికను మాత్రం కొట్టిపారేయలేం. అందుకు హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ ఉంది. దాన్ని పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. పది సెంటీమీటర్లకు అటూఇటూగా ఆగిపోతుంది, పొడి మేతకూ అలవాటు పడుతుంది. లయన్‌ఫిష్‌లు మాత్రం దాదాపుగా అన్నీ సముద్రంలో పట్టినవే. దుకాణంలో ప్రతి చేప తొట్టి మీదా ధర పక్కనే, అది పెరిగి ఎంత పొడవవుతుందో, ఎక్కడ పట్టారో రాయాలన్న నిబంధన పెడితే, కొనబోయేవాడు టేపు పట్టుకుని తన హాలును ఒకసారి కొలుచుకుంటాడు.