జరావాల అడవిలో మన బస్సులెందుకు?

అండమాన్ పోయొచ్చినవాళ్లు బారాటాంగ్ సున్నపురాయి గుహల ఫొటోలు చూపిస్తారు. దారి ఎవరి అడవిలోంచి పోయిందో చెప్పరు. అండమాన్ ట్రంక్ రోడ్డు జరావాల అడవిని చీల్చుకుంటూ పోతుంది. ఆ తెగ అంతా కలిపినా కొన్ని వందల మందే. 2002లో సుప్రీంకోర్టు అక్కడ రోడ్డు మూసేయమంది. మూయలేదు. జరావా ఆడవాళ్లను తిండి ఆశపెట్టి ఆడించిన వీడియో 2012లో ప్రపంచమంతా చూసింది. 2013 జనవరిలో పర్యాటకులను ఆపిన కోర్టే మార్చిలో మళ్లీ వదిలింది.

ఇప్పుడు కాన్వాయ్‌లట, ఫొటోలు తీయొద్దని బోర్డులట! దీన్ని నియంత్రణ అంటున్నారు. దారి తెరిచిపెట్టి కళ్లు మూసుకోమంటే ఎవరు మూసుకుంటారు? 1999లో వాళ్లలో తట్టు ప్రబలింది. జబ్బు బోర్డు చదివి ఆగుతుందా? పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్‌కు సముద్రం మీద పోవచ్చు. పడవలు పెంచండి, రోడ్డు మీద పర్యాటకులను ఆపండి. ఆలస్యమవుతుందంటారా, కానీయండి.

అరకులో వచ్చినవాళ్ల కోసం ధింసా ఆడుతున్న మనకు ఇది విప్పి చెప్పాలా? కాకపోతే మనం డబ్బెంతిస్తారని అడగగలం, ఇష్టం లేకపోతే ఆడమనగలం. జరావాలను రోడ్డు వేసేముందు ఎవరడిగారు? మాస్టార్లూ, అండమాన్ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఈ రోడ్డు కూడా పటంలో గీసి చూపించండి.